చీకటి నవలలూ నేటి అమెరికా రాజకీయాలూ: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్టోపియా అంటే ఏమిటి? తెలుగులో దీనికి మాట ఉందా?

రామరాజ్యాన్ని బోర్లా తిప్పితే వచ్చేది డిస్టోపియా. అందరూ ఒప్పుకున్న తెలుగు మాట ఇంకా స్థిరపడలేదు కాబట్టి ఇక్కడ 'చీకటి నవల' అంటున్నాం. కష్టాలున్న ప్రతి కథా ఈ కోవలోకి రాదు. కరువో యుద్ధమో మహమ్మారో ఉంటే చాలదు, మనుషుల్ని అణిచిపెట్టడమే రోజువారీ పనిగా నడిపే యంత్రాంగం ఒకటి ఉండాలి. దానికి చట్టాలుంటాయి, ఫైళ్లుంటాయి, నెల జీతం తీసుకునే గుమాస్తాలుంటారు. '1984' కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ కూడా అలాంటి గుమాస్తానే.

అమెరికా రాజకీయాలతో పోల్చాలంటే ముందు ఏ నవల చదవాలి? '1984' కదా?

కాదు. జార్జ్ ఆర్వెల్ (1903లో బీహార్‌లోని మోతిహారిలో పుట్టిన ఆర్వెలే) 1949లో వెలువరించిన ఆ నవలలో ఎన్నికలు లేవు, స్వతంత్ర కోర్టులు లేవు, రాష్ట్రాలకు సొంత అధికారాలు లేవు. కథ మొదలయ్యేసరికే అవన్నీ పోయాయి. అమెరికాలో ఇవాళ్టి గొడవంతా వాటి చుట్టూనే. ఇల్లు కాలుతుండగా ఏం చేయాలో తెలుసుకోవాలనుకునేవాళ్లకు బూడిద గురించి రాసిన పుస్తకం కొంతవరకే పనికొస్తుంది.

ముందు చదవాల్సింది సింక్లెయిర్ లూయిస్ 1935లో రాసిన 'ఇట్ కాంట్ హ్యాపెన్ హియర్'. ఆ రోజుల్లో లూసియానాను గుప్పిట్లో పెట్టుకున్న సెనెటర్ హ్యూయీ లాంగ్ అధ్యక్ష పదవి మీద కన్నేసి ఉన్నాడు, ఆ ఏడాది సెప్టెంబరులోనే హత్యకు గురయ్యాడు. లూయిస్ భార్య డొరొతీ థాంప్సన్ పత్రికా విలేకరి. 1934లో నాజీ ప్రభుత్వం ఆమెను జర్మనీ నుంచి వెళ్లగొట్టింది. నవలలో లాంగ్‌ను తలపించే బజ్ విండ్రిప్ అనే సెనెటర్ ఓట్లతోనే గెలుస్తాడు. ఇంటింటికీ ఏడాదికి 5,000 డాలర్లని ఊరిస్తాడు. 'మినిట్ మెన్' అని తనకంటూ ఒక దండును తయారుచేసుకుంటాడు, కాంగ్రెస్‌ను ఉత్త సలహా సంఘంగా మార్చేస్తాడు. దీన్నంతా చూసేది వెర్మాంట్‌లోని ఓ చిన్న ఊరి పత్రికా సంపాదకుడు డోరెమస్ జెసప్. మంచివాడే గానీ మేలుకునేసరికి ఆలస్యమవుతుంది.

నవలగా చూస్తే గొప్ప రచనేమీ కాదు. హడావిడిగా రాసిన సంగతి పేజీ పేజీకీ తెలుస్తుంది. అయినా ఓటు నుంచి నియంతృత్వానికి దారి ఎలా పడుతుందో అమెరికా నేల మీదే చూపించింది. అదయ్యాక ఫిలిప్ రాత్ 2004లో రాసిన 'ద ప్లాట్ అగైన్‌స్ట్ అమెరికా' చదవండి. 1940 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద విమాన వీరుడు లిండ్‌బర్గ్ గెలిచి ఉంటే న్యూవార్క్‌లోని ఒక యూదు కుటుంబం వంటింట్లో ఏం మాట్లాడుకునేదో అందులో ఉంది.

రెండు పక్షాలూ 'ఇది అచ్చం 1984' అంటున్నాయి. ఎవరిని నమ్మాలి?

పక్షాన్ని కాదు, పని చేసిందెవరో చూడండి. 2017 జనవరి 22న అధ్యక్షుడి సలహాదారు ఒకరు టీవీలో 'ప్రత్యామ్నాయ వాస్తవాలు' అన్నారు. వారం తిరక్కుండా ఆర్వెల్ నవలకు గిరాకీ పెరిగి పెంగ్విన్ సంస్థ 75,000 ప్రతులు మళ్లీ వేయించింది. 2021 జనవరిలో సెనెటర్ జాష్ హాలీ పుస్తక ఒప్పందాన్ని ప్రచురణకర్త రద్దు చేసుకుంటే, ఇది ఆర్వెల్ ప్రపంచమని ఆయన మండిపడ్డారు. 2022 ఏప్రిల్‌లో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ తప్పుడు సమాచారంపై ఒక మండలి పెడుతున్నామనగానే '1984'లో అబద్ధాలు తయారుచేసే 'సత్య మంత్రిత్వ శాఖ' వచ్చేసిందని రిపబ్లికన్లు దుయ్యబట్టారు. ఆగస్టుకల్లా ఆ మండలిని ఎత్తేశారు.

ఈ మూడింటిలో హాలీ ఫిర్యాదు చాలా బలహీనం. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ప్రచురణకర్తను కాదు. ఆయనకు కొద్ది వారాల్లోనే మరో ప్రచురణకర్త దొరికాడు. విన్‌స్టన్‌కు ఆ వీలు లేదు. మండలి విషయంలో భయం పూర్తిగా గాలిమాట కాదు, చేయబోయింది ప్రభుత్వమే కాబట్టి. కాకపోతే దానికి శిక్షించే అధికారం లేదు.

మూడో రకం ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు: ప్రభుత్వం ప్రైవేటు సంస్థ మెడ మీద చెయ్యేసి పని చేయించడం. 2025 సెప్టెంబరులో ప్రసార సంస్థల లైసెన్సులు చూసే ఎఫ్‌సీసీ ఛైర్మన్, టీవీ హాస్యగాడు జిమ్మీ కిమ్మెల్ మాటల మీద హెచ్చరిక ధోరణిలో మాట్లాడారు. అదే రోజు ఏబీసీ ఛానల్ కిమ్మెల్ కార్యక్రమాన్ని నిలిపేసింది, వారం లోపే మళ్లీ మొదలుపెట్టింది. అధికారులు ఇలా మూడో మనిషి చేత నోరు మూయించడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 మే నెలలో వుల్లో కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకమై చెప్పింది. ఆ కేసు వేసింది తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ, ప్రతివాది న్యూయార్క్ రాష్ట్ర అధికారి. సూత్రం మాత్రం ఎవరికైనా ఒకటే.

పోలిక ఎలా చేయాలి? పద్ధతంటూ ఏదైనా ఉందా?

బొమ్మకు బొమ్మ జోడిస్తే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టవుతుంది. గోడ మీద పెద్ద ముఖం కనిపించగానే '1984'లోని నియంత 'బిగ్ బ్రదర్' అనేయడం ఆ కోవదే. పనితీరుకు పనితీరు జోడించాలి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి: చేసిందెవరు? ఏ అధికారంతో? పాత రికార్డు మిగిలిందా, చెరిపేశారా? ఆపగలిగే మరో చెయ్యి ఎక్కడైనా ఉందా? ఈ నాలుగూ ముందు నవలకు రాసుకుని, ఆ తర్వాత వార్తకు రాసుకోవాలి. వార్తతో మొదలుపెడితే నవలలో మనకు కావలసిందే కనిపిస్తుంది.

ఒకటి చేసి చూద్దాం. '1984'లో చాక్లెట్ కోటా తగ్గించబోమని ప్రభుత్వం మాటిస్తుంది, తర్వాత 30 గ్రాముల నుంచి 20కి తగ్గించాలనుకుంటుంది. విన్‌స్టన్ పని ఏమిటంటే, పాత పత్రికలోని ఆ మాటను తీసేసి, తగ్గించాల్సి రావచ్చని ముందే హెచ్చరించినట్టు మార్చి రాయడం. పాత ప్రతులు మంటల్లోకి పోతాయి. తగ్గింపును ప్రకటించిన మర్నాడే, కోటాను 20కి 'పెంచినందుకు' జనం ఊరేగింపులు తీశారని టీవీ తెర ప్రకటిస్తుంది. మేకను కుక్కని నమ్మించిన కథలో దొంగలు ముగ్గురే. ఇక్కడ దేశమంతా దొంగల పక్కనే నిలబడి ఉంది.

ఇప్పుడు వార్త. 2025 ఆగస్టు 1న అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఉద్యోగాల నివేదిక ఇచ్చింది. జులైలో కొత్తగా 73,000 ఉద్యోగాలు వచ్చాయంది, మే, జూన్ లెక్కల్లో కలిపి 2,58,000 తగ్గించింది. ఆ రోజే అధ్యక్షుడు ట్రంప్ లెక్కలు కావాలని తారుమారు చేశారని ఆరోపిస్తూ ఆ సంస్థ కమిషనర్‌ను తొలగించారు, ఆరోపణకు రుజువేమీ చూపలేదు.

సవరణలు ఎందుకొస్తాయో తెలియకపోతే ఇక్కడే బోల్తా పడతాం. నెలనెలా సుమారు 1,20,000 సంస్థలను, ప్రభుత్వ కార్యాలయాలను అడిగి ఈ లెక్క కడతారు. అందరూ గడువులోగా జవాబివ్వరు. ఆలస్యంగా వచ్చినవి కలిపి తర్వాతి రెండు నెలల్లో అంకెను సరిచేస్తారు, ఏడాదికోసారి పన్ను రికార్డులతో సరిచూస్తారు. పాత అంకె, కొత్త అంకె పక్కపక్కనే అచ్చవుతాయి. అంటే పాత అంకె మారడం విన్‌స్టన్ చేసే పని కాదు. నచ్చని అంకె ఇచ్చిన మనిషిని తీసేయడం ఆ వైపుకు వేసిన అడుగు. నాలుగు ప్రశ్నలకూ జవాబులు: చేసింది అధ్యక్షుడు, అధికారం ఆయనకుంది, రికార్డు చెరగలేదు, మరో చెయ్యి ఉంది, కొత్త కమిషనర్‌కు సెనెట్ ఆమోదం కావాలి. మొదట ప్రతిపాదించిన పేరును సెప్టెంబరు చివర్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కూడా.

రికార్డు చెరిపివేతకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కావాలంటే 2025 జనవరి 31 చూడండి. సీడీసీ వంటి ఆరోగ్య సంస్థల వెబ్‌సైట్ల నుంచి కొన్ని పేజీలు, డేటా మాయమయ్యాయి. ఫిబ్రవరి 11న ఫెడరల్ న్యాయమూర్తి వాటిని తిరిగి పెట్టమన్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల ప్రతులున్నాయి కాబట్టే ఏది పోయిందో చెప్పగలిగారు.

రక్షణ శాఖను 'డిపార్ట్‌మెంట్ ఆఫ్ వార్' అనడం న్యూస్పీక్ కాదా?

న్యూస్పీక్ అంటే '1984'లో ఆలోచనల్ని కట్టడి చేయడానికి ప్రభుత్వం తయారుచేసిన భాష. ఇది నిజానికి తిరగబడిన న్యూస్పీక్. ఆర్వెల్ నవలలో యుద్ధం నడిపే శాఖ పేరు 'శాంతి మంత్రిత్వ శాఖ', నేతిబీరకాయలో నెయ్యి ఉన్నంత శాంతి దానిలో ఉంటుంది. అమెరికాలో 1789 నుంచి 1947 వరకూ ఉన్నది యుద్ధ శాఖే. 'రక్షణ శాఖ' అనే మెత్తటి పేరు ఖాయమైంది 1949 ఆగస్టులో, అంటే '1984' వెలువడిన రెండు నెలలకు. 2025 సెప్టెంబరు 5 నాటి ఉత్తర్వు పాత పేరును రెండో పేరుగా వాడుకోవచ్చంది. చట్టంలో పేరు మార్చే అధికారం కాంగ్రెస్‌దే. ఈ మార్పును విమర్శించడానికి కారణాలు చాలానే దొరుకుతాయి గానీ, మాటతో పనిని దాచిపెట్టారన్నది మాత్రం వాటిలో ఒకటి కాదు.

'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్' నిజమైపోయిందా?

మార్గరెట్ ఆట్‌వుడ్ ఈ నవలను 1984లో పశ్చిమ బెర్లిన్‌లో ఉండగా మొదలుపెట్టారు, 1985లో వెలువడింది. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఇందులో పెట్టకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. 1966లో రుమేనియా గర్భస్రావాన్ని నిషేధించి స్త్రీల గర్భాలపై నిఘా పెట్టడం అలాంటిదే. కాబట్టి 'ఊహించింది నిజమైంది' అనడం కన్నా 'జరిగింది మళ్లీ జరుగుతోందా' అని అడగడం మేలు.

2017 మార్చిలో టెక్సాస్ సెనెట్‌లో నవలలోని దాసీల వేషంలో, ఎర్ర అంగీలు, తెల్ల టోపీలతో స్త్రీలు నిశ్శబ్దంగా కూర్చున్నారు. టీవీ సీరియల్ ఆ తర్వాతి నెలలో వచ్చింది. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పు, గర్భస్రావ హక్కునిచ్చిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేశాక ఆ వేషం ప్రపంచమంతా పాకింది. అయితే పనితీరు వేరు. నవలలో అధ్యక్షుణ్ణి చంపి, కాంగ్రెస్‌ను తుపాకులతో ఊచకోత కోసి, రాజ్యాంగాన్ని పక్కన పెడతారు. ఒక్కరోజులో స్త్రీల బ్యాంకు ఖాతాలు స్తంభిస్తాయి, ఉద్యోగాలు ఊడతాయి. డాబ్స్ చేసింది నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదలడం. ఫలితంగా రాష్ట్రం సరిహద్దు దాటితే చట్టం మారిపోతుంది. రిపబ్లికన్ల కోటైన కాన్సస్‌లో 2022 ఆగస్టులో ఓటర్లే గర్భస్రావ హక్కును తీసేసే సవరణను సుమారు 59 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. నవలలోని గిలియడ్ దేశంలో అలాంటి పోలింగ్ బూత్ ఉండదు.

నవలకు నిజంగా దగ్గరగా వచ్చేది అంతగా చర్చకు రాని 2021 నాటి టెక్సాస్ చట్టం, ఎస్‌బీ 8. దాన్ని అమలు చేసేది పోలీసులు కాదు. గర్భస్రావానికి సాయపడ్డవారి మీద ఎవరైనా దావా వేయవచ్చు, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. పక్కింటివాణ్ణి కాపలా కుక్కగా మార్చే ఈ ఏర్పాటుకు ఎర్ర అంగీ అక్కర్లేదు. అందుకే ఫొటోల్లోకి ఎక్కదు.

ఆక్టేవియా బట్లర్ ట్రంప్ నినాదాన్ని ముందే చెప్పిందట, నిజమేనా?

ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనుకోవడం మనకు అలవాటే. అమెరికన్లకు ఇప్పుడు బట్లర్ కాలజ్ఞానం దొరికింది. 1998 నాటి 'పారబుల్ ఆఫ్ ద టాలెంట్స్'లో జారెట్ అనే నాయకుడు అమెరికాను మళ్లీ గొప్పగా చేయడానికి సాయపడమని అడిగే మాట నిజంగానే ఉంది. కానీ 1980లో రోనాల్డ్ రీగన్ ప్రచారంలో దాదాపు అదే నినాదం వాడారు. బట్లర్ చేసింది జోస్యం కాదు, తన కాలాన్ని చెవిపెట్టి వినడం.

నినాదాన్ని వదిలేసి 1993 నాటి మొదటి భాగం 'పారబుల్ ఆఫ్ ద సోవర్' తెరవండి. కథ 2024 జులైలో కాలిఫోర్నియాలో మొదలవుతుంది. పెట్రోలు కంటే నీళ్లు ప్రియం, అగ్నిప్రమాదాలు, గోడ కట్టుకుని బతికే కాలనీలు, ఊరినే కొనేసి కూలీలను అప్పుల్లో ముంచే కంపెనీ. రెండో భాగంలో జారెట్ మతసేన ఆయన ఆదేశం కోసం ఎదురుచూడదు, ఆయన మాటల్లో అనుమతి వెతుక్కుని దాడులు చేస్తుంది. నాయకుడు చెప్పాడా లేదా అన్న తగువు తేలకుండానే పని జరిగిపోవడం అన్నది బట్లర్ పట్టుకున్నంత సూటిగా ఆర్వెల్ పట్టుకోలేదు.

పుస్తకాల నిషేధాలను 'ఫారెన్‌హీట్ 451'తో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, కానీ మంటతో కాదు. 1953లో రే బ్రాడ్‌బరీ రాసిన ఈ నవలలో అగ్నిమాపక దళం పని పుస్తకాలు తగలబెట్టడం. దాని కెప్టెన్ బీటీ అసలు సంగతి చెప్పేస్తాడు: మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. జనమే చదవడం మానేశారు, ఒక్కో వర్గం ఒక్కో పేజీకి నొచ్చుకుంది, పుస్తకాలు కుంచించుకుపోయాయి, అగ్గిపెట్టె ఆ తర్వాత వచ్చింది. పెన్ అమెరికా సంస్థ 2023-24 విద్యాసంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లో 10,046 నిషేధాలు లెక్కపెట్టింది. ఒకే పుస్తకాన్ని పది జిల్లాల్లో తీసేస్తే పది లెక్క, కాబట్టి దీన్ని పుస్తకాల సంఖ్య అనుకోకూడదు. నిషేధం అంటే బడి అలమరాలోంచి తీయడం, అంగట్లో కొనుక్కోవచ్చు. ఫ్లోరిడాలో 2023 చట్టం ప్రకారం కొన్ని రకాల అభ్యంతరాలు వస్తే పుస్తకాన్ని అయిదు బడి రోజుల్లో పక్కన పెట్టాలి, విచారణ ఆ తర్వాతే. ఒక్క మనిషి అభ్యంతరం చాలు. ఇది బీటీ చెప్పిన దారే.

ఇంకో వింత. ఈ నవలనే బడిపిల్లల కోసమని దాని ప్రచురణకర్తలు 1967 నుంచి కత్తిరించి అమ్మారు, రచయితకు చెప్పకుండా. తర్వాత తెలిసి ఆయన పూర్తి ప్రతిని మళ్లీ వేయించారు.

అమెరికాలో 'నేషనల్ ఎమర్జెన్సీ' అంటే మన 1975 లాంటిదేనా?

తెలుగు చదువరులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన 1975లో 352వ అధికరణ కింద ప్రకటించగానే పత్రికలకు సెన్సార్ వచ్చింది, ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకెళ్లే దారి మూసుకుపోయింది, 21 నెలలు నడిచింది. అమెరికాలో 1976 చట్టం కింద ప్రకటించే ఎమర్జెన్సీ హక్కులను రద్దు చేయదు. ఇతర చట్టాల్లో అక్కడక్కడా ఉన్న వందకు పైగా ప్రత్యేక అధికారాల్లో కొన్నింటికి తాళం తీస్తుంది, అంతే. 1979లో ఇరాన్ మీద ప్రకటించినదాన్ని ఏటా పొడిగిస్తూనే ఉన్నారు. చాలామంది అమెరికన్లకు అది ఉందనే తెలియదు.

నవలల భయానికి దగ్గరగా ఉన్నది వేరే చట్టం, 1807 నాటి ఇన్సరెక్షన్ యాక్ట్. పోలీసు పనులకు సైన్యాన్ని వాడకూడదన్న 1878 చట్టానికి అది పెద్ద మినహాయింపు. 2025 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కు సుమారు 4,000 మంది నేషనల్ గార్డ్‌ను, 700 మంది మెరైన్లను పంపినప్పుడు వాడింది అది కూడా కాదు, ఇంకో సెక్షన్. గార్డ్ అనే ఈ రిజర్వు సైన్యం మామూలుగా రాష్ట్ర గవర్నర్ చేతిలో ఉంటుంది. అక్కడి గవర్నర్‌ను మనలా రాష్ట్రపతి నియమించరు, జనం ఎన్నుకుంటారు. అందుకే గవర్నర్ వద్దన్నా పంపడం అంత పెద్ద వివాదమైంది.

ఫోన్లకు అతుక్కుపోయిన జనాన్ని చూస్తే హక్స్‌లీ రాసిందే నిజం కదా?

హక్స్‌లీ 1932 నాటి నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో సోమా అనే మత్తు మాత్రలను ప్రభుత్వమే పంచుతుంది, జనం తృప్తిగా, గొడవ చేయకుండా ఉండాలని. ఫోన్ తెర జనాన్ని తృప్తిపరచి కూర్చోబెట్టదు, కోపం తెప్పించి లేపుతుంది, ఆ కోపం మీదే వ్యాపారం నడుస్తుంది. పోలిక సగంలోనే తెగిపోతుంది.

వాట్సాప్‌లో తిరిగే ఆర్వెల్ సూక్తులు నిజమైనవేనా?

మోసం రాజ్యమేలే కాలంలో నిజం చెప్పడమే విప్లవమన్న మాట ఆర్వెల్ రచనల్లో ఎక్కడా దొరకలేదు. అమెరికాకు ఫాసిజం జెండా చుట్టుకుని, శిలువ పట్టుకుని వస్తుందన్నది లూయిస్ పుస్తకాల్లో ఆ రూపంలో లేదు. నవల పేరు, అధ్యాయం చెప్పని సూక్తిని వాడకండి. ఒక్క తప్పుడు సూక్తి దొరికితే అవతలివాళ్లు మీ వాదనంతా కొట్టిపారేస్తారు, అందులో వాళ్ల తప్పూ లేదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల భయాలకు ఏ నవల సరిపోతుంది?

నవల కంటే చరిత్ర బాగా సరిపోతుంది. 2025 జనవరి 20 నాటి ఉత్తర్వు, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకుండా తల్లి తాత్కాలిక వీసా మీద ఉంటే, అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదంది. హెచ్-1బీ, ఎఫ్-1 దంపతులు దీని కిందికే వస్తారు. పుట్టుకతో పౌరసత్వమిచ్చే 1868 నాటి 14వ సవరణను, దాన్ని నిలబెట్టిన 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పును చూపి 2025లో కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. అదే ఏడాది సెప్టెంబరులో విదేశాల నుంచి వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది.

కాగితం మారితే మనిషి హోదా మారిపోవడాన్ని చూడాలంటే 1923 తెరవండి. భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు 'శ్వేతజాతీయులు' కారని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన పదుల మంది భారతీయుల నుంచి దాన్ని వెనక్కి లాక్కున్నారు. 1946లో చట్టం మారింది, అదీ ఏడాదికి వందమంది వలసదారుల కోటాతో. ఇందులో కల్పన ఒక్క ముక్క లేదు.

ఈ నవలలన్నీ ఓటమితోనే ముగుస్తాయా?

చివరి పేజీల్ని దాటేసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. '1984' విన్‌స్టన్ లొంగిపోవడంతో అయిపోదు, వెనకాల న్యూస్పీక్ గురించి ఒక అనుబంధం ఉంది. అది మామూలు ఇంగ్లీషులో, భూతకాలంలో ఉంటుంది. అంటే ఆ రాజ్యం ఎప్పుడో కూలిపోయాక ఎవరో రాసిందన్నమాట అని కొందరు విమర్శకుల వాదన. కాదనేవాళ్లూ ఉన్నారు.

'హ్యాండ్‌మెయిడ్స్ టేల్' విషయంలో అనుమానమే లేదు. చివర 2195లో ఒక విశ్వవిద్యాలయ సదస్సు జరుగుతుంది, గిలియడ్ అప్పటికి పరిశోధకులకు ఓ పాఠ్యాంశం. పియెక్సోటో అనే ప్రొఫెసర్ జోకులేస్తూ ఆ స్త్రీ కథను విప్పి చెబుతాడు. ఆమె బాధ కంటే ఆమె యజమాని ఎవరన్నదే ఆయనకు ముఖ్యం. ఆ కమాండర్ కంప్యూటర్ నుంచి ఓ ఇరవై పేజీలు దొరికినా ఎంత బాగుండేదని వాపోతాడు. గిలియడ్‌ను మనం తప్పుబట్టకూడదు, అర్థం చేసుకోవాలి అంటాడు. సభ చప్పట్లు కొడుతుంది. ఆయన అడిగే మాటే నవలలో ఆఖరి వాక్యం: ప్రశ్నలేమైనా ఉన్నాయా?